క్రిమినల్ కేసులో వకాలత్ మీదైతే విలేకరులతో ఎలా మాట్లాడాలి?

"రేపు మా క్లయింటును రిమాండ్‌కు తీసుకొస్తున్నారు, కోర్టు గేటు దగ్గర ఇప్పటికే రెండు ఛానళ్ల వాహనాలు నిలబడి ఉన్నాయి, నేనేం చెప్పాలి సార్?" అని జూనియర్ న్యాయవాదులు అడగని నెల లేదు. జిల్లా కేంద్రంలో జరిగిన హత్య ఒకటి టీవీకి ఎక్కిన ప్రతిసారీ ఇదే ప్రశ్న మళ్లీ వస్తుంది. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పే బదులు, నేను పాటించే పద్ధతిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఇది ప్రధానంగా నిందితుల తరఫు న్యాయవాదుల కోసం రాసినదే అయినా, పబ్లిక్ ప్రాసిక్యూటర్లకు, ఫిర్యాదుదారుల తరఫు న్యాయవాదులకు వేరుగా చెప్పవలసిన చోట చెప్పాను. కోర్టు వార్తలు రాసే విలేకరులకు 4, 5 మెట్లు నేరుగా పనికొస్తాయి.

ఈ పద్ధతి అంతా ఒకే నియమం మీద నడుస్తుంది. కోర్టు హాలు బయట మీరు చెప్పే ప్రతి వాక్యానికీ రికార్డులో ఒక కాగితం, క్లయింటు ఇచ్చిన అనుమతి రెండూ ఉండాలి. రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ వాక్యం మీ నోట రాకూడదు.

దగ్గర పెట్టుకోవలసినవి

• ఎఫ్‌ఐఆర్ నకలు. సుప్రీంకోర్టు 2016లో యూత్ బార్ అసోసియేషన్ కేసులో ఇచ్చిన ఆదేశం ప్రకారం, సున్నితమైన కేసులు మినహా, ఎఫ్‌ఐఆర్‌ను 24 గంటల్లోగా పోలీసు వెబ్‌సైటులో పెట్టాలి. అక్కడ దొరకకపోతే నకలు కోసం దరఖాస్తు పెట్టండి. విలేకరి వాట్సాప్‌లో పంపిన ఫొటో మీద ఆధారపడవద్దు.
• రిమాండ్ రిపోర్టు (రిమాండ్ కోరుతూ పోలీసులు కోర్టుకు ఇచ్చే నివేదిక), బెయిల్ పిటిషన్, అప్పటివరకు వచ్చిన కోర్టు ఉత్తర్వుల నకళ్లు.
• కేసు సీఎన్‌ఆర్ నంబరు. 16 అక్షరాలు, అంకెలు కలిసిన ఈ నంబరుతో ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదా తేదీ, కేసు దశ తెలుస్తాయి.
• మీడియాతో మాట్లాడటానికి క్లయింటు సంతకంతో ఇచ్చిన అనుమతి పత్రం.
• ఒక తెల్ల కాగితం, మీ మాటలను మొదటి నుంచి చివరి వరకు ఫోనులో రికార్డు చేసే ఒక జూనియరు.

1. ముందుగా కేసు ఏ దశలో ఉందో తేల్చుకోండి

ఫిర్యాదు, అరెస్టు, ఛార్జిషీటు, అభియోగాల నమోదు, సాక్షుల విచారణ, తీర్పు అన్నవి వేర్వేరు దశలు. 1971 కోర్టు ధిక్కార చట్టం 3వ సెక్షన్ వివరణ ప్రకారం, క్రిమినల్ కేసు కోర్టులో పెండింగులో ఉన్నట్టు లెక్కించేది ఛార్జిషీటు దాఖలైనప్పటి నుంచి, లేదా నిందితుడికి కోర్టు సమన్లు గానీ వారెంటు గానీ జారీ చేసినప్పటి నుంచి. దీన్ని చూపించి "ఛార్జిషీటు పడేదాకా ఎవరు ఏమైనా మాట్లాడవచ్చు" అనుకునేవారు చాలామంది ఉన్నారు. అది ప్రమాదకరమైన భ్రమ. అరెస్టు నుంచి ఛార్జిషీటు వరకు నడిచే ఆ కాలంలోనే టీవీల్లో అత్యంత నష్టం జరుగుతుంది. 2006లో ఇచ్చిన 200వ నివేదికలో లా కమిషన్, ఈ లెక్క అరెస్టు నుంచే మొదలు కావాలని సిఫార్సు చేసింది. చట్టం అలా మారలేదు. అయినా బొంబాయి హైకోర్టు 2021 జనవరి 18న నీలేశ్ నవలఖా కేసులో, దర్యాప్తు దశలో సాగే మీడియా విచారణ కూడా న్యాయ నిర్వహణకు అడ్డు తగలగలదని స్పష్టంగా చెప్పింది. కాబట్టి అరెస్టు రోజు నుంచే తీర్పు దశలో ఉన్నంత జాగ్రత్తగా ఉండండి.

నేరం జరిగిన తేదీని కూడా ఇక్కడే చూసుకోండి. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరానికి ఐపీసీ సెక్షన్లు, ఆ తర్వాతి దానికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు వర్తిస్తాయి. మైకు ముందు పాత సెక్షను నంబరు చెప్పి, రాత్రి డిబేటులో దాని మీదే గంటసేపు చర్చ నడిపించిన న్యాయవాదులను నేను చూశాను.

2. క్లయింటు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి

క్లయింటు మీకు వృత్తిపరంగా చెప్పిన మాటను ఆయన స్పష్టమైన అనుమతి లేకుండా బయటపెట్టకూడదని భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ చెబుతోంది. పాత ఎవిడెన్స్ చట్టంలో ఇది 126వ సెక్షన్. ఆ సెక్షన్ కింది బాధ్యతను ఉల్లంఘించరాదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ప్రవర్తనా నియమాల్లో 17వ నియమం కూడా కట్టడి చేస్తోంది. "మా వాడు ఆ రోజు ఊళ్లోనే లేడు" అన్న ఒక్క మాట ఎంత అమాయకంగా కనిపిస్తుందో చూడండి. అది క్లయింటు మీకు చెప్పిన రహస్యం, పైగా రేపటి మీ డిఫెన్సు. దాన్ని మైకు ముందు విప్పితే, దర్యాప్తు అధికారి మరునాడే ఆ దిశగా సాక్షులను వెతుక్కుంటాడు.

అనుమతి పత్రంలో మూడు విషయాలు ఉండాలి: ఏం చెప్పడానికి అనుమతి ఇస్తున్నారు, ఎవరు చెబుతారు, ఎప్పటి వరకు. క్లయింటు జైల్లో ఉంటే ములాఖత్‌లో సంతకం తీసుకోండి. అన్నదమ్ములో భార్యో ఇచ్చే అనుమతి సరిపోదు, ఎందుకంటే వకాలత్ (తన తరఫున వాదించే అధికారం) ఇచ్చింది వాళ్లు కాదు. కుటుంబసభ్యులు విడిగా విలేకరులతో మాట్లాడవద్దని అదే రోజు కూర్చోబెట్టి చెప్పండి. తండ్రి కోపంలో అన్న మాట కొడుకు బెయిల్‌కు అడ్డం వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

3. అసలు మాట్లాడవలసిన అవసరం ఉందా?

చాలాసార్లు లేదు. బార్ కౌన్సిల్ 36వ నియమం ప్రకారం న్యాయవాది తాను చేస్తున్న కేసుల గురించి పత్రికల్లో వ్యాఖ్యలు రాయించుకోవడం, ఫొటోలు వేయించుకోవడం పరోక్ష ప్రచారం కిందికి వస్తాయి. అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద క్రమశిక్షణ చర్యకు దారి తీయవచ్చు. ఒక తప్పుడు వార్త క్లయింటుకు నష్టం చేస్తుంటే దాన్ని సరిదిద్దడానికి మాట్లాడండి, వాయిదా వివరం చెప్పడానికి మాట్లాడండి. మీ పేరు స్క్రోలింగులో రావాలన్న కోరిక తప్ప వేరే కారణం కనిపించకపోతే పక్క గేటు నుంచి వెళ్లిపోండి.

4. గుర్తింపు వివరాలను జల్లెడ పట్టండి

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. విలేకరులూ న్యాయవాదులూ సమానంగా చేసేదీ ఈ తప్పే.

లైంగిక నేరం కేసుల్లో బాధితురాలి పేరు గానీ, ఆమెను గుర్తించడానికి వీలయ్యే ఏ వివరం గానీ ప్రచురిస్తే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు శిక్ష, జరిమానా ఉంటాయి. ఇది పాత ఐపీసీ 228ఏ. 2018 డిసెంబరు 11న నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు, బాధితురాలు మరణించినా పేరు బయటపెట్టకూడదని, దగ్గరి బంధువులు సరే అన్నంత మాత్రాన సరిపోదని, నిజంగా అవసరమైతే సెషన్స్ జడ్జి అనుమతి కావాలని చెప్పింది. "చనిపోయింది కదా, ఇంకేం నష్టం" అన్న వాదనకు చట్టంలో చోటు లేదు. అలాంటి కేసుల్లో కోర్టు విచారణ వివరాలను కోర్టు అనుమతి లేకుండా ప్రచురించడం 73వ సెక్షన్ కింద నేరం. హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులను ప్రచురించడానికి మాత్రం ఈ నిషేధం లేదు.

బాధితులు పిల్లలైతే పోక్సో చట్టం 23వ సెక్షన్ ఇంకా కఠినంగా ఉంటుంది. పేరు, చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, బడి, ఇంటి చుట్టుపక్కల ప్రాంతం, ఇవేవీ మీడియాలో రాకూడదు. శిక్ష ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. నిందితుడే మైనర్ అయితే 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ అతడి గుర్తింపును కాపాడుతుంది. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ.

తెలుగువారెవరూ మరచిపోలేని ఉదాహరణ 2019 నవంబరులో శంషాబాద్ వద్ద జరిగిన ఘోరం. ఆమె అసలు పేరు, ఫొటో దేశమంతా తిరిగిన తర్వాత గానీ "దిశ" అన్న పేరు వాడమని పోలీసులు కోరలేదు. నలుగురు నిందితుల ఫొటోలూ ఊరూపేర్లూ ప్రతి తెరమీదా కనిపించాయి. డిసెంబరు 6న చటాన్‌పల్లి వద్ద ఆ నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు, విచారణ అన్నదే జరగలేదు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చినప్పుడు, ఆ నలుగురిలో ముగ్గురు ఘటన నాటికి మైనర్లని అందులో ఉంది. వయసు తేలకముందే ఫొటో వేయవద్దని అంటున్నది ఇందుకే. మీ క్లయింటు ఇరవై ఏళ్ల లోపువాడిలా కనిపిస్తే, మొదటి రోజే పదో తరగతి మార్కుల జాబితా, స్కూలు రికార్డు తెప్పించి, వయసు నిర్ధారణ కోరుతూ కోర్టులో పిటిషన్ వేయండి. మేజిస్ట్రేటు ముందు ఆ మాట మొదట చెప్పవలసింది మీరే.

జల్లెడ పట్టే పద్ధతి ఇది. మీ ప్రకటన కాగితాన్ని ఆ ఊరికి చెందిన, కేసుతో సంబంధం లేని ఒక వ్యక్తికి చదివి వినిపించండి. "ఎవరమ్మాయో తెలిసిందా?" అని అడగండి. "ఫలానా వీధిలో ఉండే కిరాణా షాపాయన కూతురు కదా" అన్నారంటే పేరు లేకపోయినా గుర్తింపు బయటపడినట్టే. నిందితుడు బాధితురాలి దగ్గరి బంధువైతే అతడి పేరు చెప్పినా ఆమె పేరు చెప్పినట్టే అవుతుంది. అటువంటి కేసులో మీ క్లయింటు పేరు కూడా మైకు ముందు పలకవద్దు.

5. సాక్ష్యాన్ని మైకు ముందుకు తీసుకురావద్దు

నాలుగు రకాల విషయాలు మీ కాగితంలో ఉంటే కొట్టివేయండి.

మొదటిది నేరం ఒప్పుకోవడం. "నిందితుడు నేరం అంగీకరించాడు" అన్నది మన పత్రికల్లో తరచుగా కనిపించే వాక్యం. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుదలను నిందితుడికి వ్యతిరేకంగా రుజువు చేయడానికి సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ ఒప్పుకోదు. మేజిస్ట్రేటు ముందు, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 183వ సెక్షన్ కింద, స్వచ్ఛందమేనని నిర్ధారించుకున్న తర్వాత నమోదు చేసినదానికే విలువ. రిమాండ్ రిపోర్టులో ఒప్పుదల ఉందని విలేకరి అడిగితే, "పోలీసుల ముందు చెప్పినట్టు రాసినది కోర్టులో ఒప్పుదలగా చెల్లదు" అని ఒక్క వాక్యంలో చెప్పి ఆపండి. ఒప్పుదలలో ఏముందో మీరు చదివి వినిపించి, ఆ తర్వాత ఖండించవద్దు. జనానికి గుర్తుండేది మీరు చదివినదే, మీ ఖండన కాదు.

రెండోది ఫొటో. గుర్తింపు పరేడ్ (కొందరి మధ్య నిందితుడిని నిలబెట్టి సాక్షిని గుర్తించమనడం) జరగకముందే నిందితుడి ముఖం టీవీలో చూపిస్తే, తర్వాత పరేడ్‌లో సాక్షి గుర్తించింది ఘటనలో చూసిన మనిషినా, టీవీలో చూసిన మనిషినా అన్న సందేహం కేసు చివరి వరకు వెంటాడుతుంది. దీనివల్ల ప్రాసిక్యూషన్ కూడా నష్టపోతుంది. డిఫెన్సు తరఫున ఉన్న మీరు, ఫొటో ఏ రోజు ఏ పత్రికలో వచ్చిందో కత్తిరించి ఫైలులో పెట్టుకోండి.

మూడోది సాక్షులు. సాక్షి పేరు చెప్పడం, వాడికి పాత కక్షలున్నాయని ఆరోపించడం, "రేపు అడ్డం తిరుగుతాడు చూడండి" అని జోస్యం చెప్పడం, ఏదీ చేయవద్దు. కెమెరా లేని చోట కూడా ఇదే వర్తిస్తుంది. 1999 జనవరిలో ఢిల్లీలో ఆరుగురి ప్రాణాలు తీసిన బీఎండబ్ల్యూ కారు ప్రమాదం కేసులో, ప్రాసిక్యూషన్ సాక్షితో డిఫెన్సు న్యాయవాది సాగించిన వ్యవహారాన్ని ఒక వార్తా ఛానల్ 2007 మేలో రహస్య కెమెరాతో చిత్రీకరించి ప్రసారం చేసింది. ఆర్.కె. ఆనంద్ కేసుగా పేరుపడిన 2009 తీర్పులో సుప్రీంకోర్టు, ఆ సీనియర్ న్యాయవాది కోర్టు ధిక్కారానికి పాల్పడ్డారన్న నిర్ణయాన్ని సమర్థించింది. ఆ ప్రసారం మాత్రం ధిక్కారం కాదని చెప్పింది. మీడియాను ఎప్పుడూ శత్రువుగా చూసే న్యాయవాదులు ఈ తీర్పు చదవాలి. ఆ రోజు విచారణ ప్రక్రియను కాపాడింది ఒక న్యూస్ ఛానలే.

నాలుగోది ఫలితం మీద జోస్యం. "నిర్దోషిగా బయటికి వస్తారు" అని డిఫెన్సు, "ఉరిశిక్ష వేయిస్తాం" అని ప్రాసిక్యూషన్ అనకూడదు. పబ్లిక్ ప్రాసిక్యూటర్లకు ఒక మాట. నిర్దోషికి శిక్ష పడని విధంగా ప్రాసిక్యూషన్ నడపాలని, నిందితుడి నిర్దోషిత్వాన్ని చూపగల ఆధారాన్ని దాచకూడదని బార్ కౌన్సిల్ 16వ నియమం మిమ్మల్ని కట్టిపడేస్తుంది. గేటు దగ్గర ఉరిశిక్ష మాట ఇచ్చినవారికి, ఆరు నెలల తర్వాత దొరికిన అనుకూల ఆధారాన్ని కోర్టు ముందు పెట్టడం ఎంత కష్టమవుతుందో ఆలోచించండి.

6. ప్రకటన రాసుకోండి

ఆరు వాక్యాలు మించవద్దు. ప్రతి వాక్యం పక్కన మార్జినులో దాని ఆధారం రాయండి: ఎఫ్‌ఐఆర్, ఉత్తర్వు తేదీ, అనుమతి పత్రం. ఆధారం రాయలేని వాక్యాన్ని తీసేయండి. నమూనా ఇది:

"ఈ కేసులో ఒక నిందితుడి తరఫున నేను హాజరవుతున్నాను. తనపై వచ్చిన ఆరోపణలను ఆయన తిరస్కరిస్తున్నారు. ఈరోజు మేజిస్ట్రేటు 14 రోజుల రిమాండ్ విధించారు. బెయిల్ పిటిషన్ దాఖలు చేశాం, అది సోమవారం విచారణకు వస్తుంది. బాధిత కుటుంబం వివరాలు ఎవరూ ప్రచురించవద్దని కోరుతున్నాను. మిగతాదంతా కోర్టు ముందే చెబుతాను."

"ఏ1", "ఏ2" అన్న మాటలను వీలైనంత వరకు వాడవద్దు. అది ఎఫ్‌ఐఆర్‌లోనో ఛార్జిషీటులోనో పేరు రాసిన వరుస మాత్రమే. జనం మాత్రం ఏ1 అంటే ప్రధాన దోషి అని అర్థం చేసుకుంటున్నారు. అలాగే "నిందితుడు" అన్న మాట తీర్పు వచ్చేవరకు మారకూడదు. "హంతకుడు", "కీచకుడు", "కామాంధుడు" అని శీర్షిక పెట్టే సబ్ ఎడిటర్లు ఒక కేసును గుర్తుంచుకోవాలి. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని హాస్టల్లో ఒక విద్యార్థిని హత్యకు గురైంది. మరుసటి ఏడాది అరెస్టయిన యువకుడికి 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైదరాబాద్‌లోని హైకోర్టు అతడిని నిర్దోషిగా విడుదల చేసింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపాడు. ఆ కాలమంతా అతడిని పిలిచిన పేర్లను ఏ సవరణా వెనక్కి తీసుకోలేదు.

7. మైకు ముందు

నిలబడి, కాగితం చూసి చదవండి. చూసి చదివితే చిన్నతనమని అనుకోవద్దు. తర్వాత వచ్చే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ ఈ మూడే.

"మీ క్లయింటు చేశాడా, లేదా?" దీనికి జవాబు: "ఆరోపణలను తిరస్కరిస్తున్నారని చెప్పాను, అంతకుమించి కోర్టులోనే."

"సీసీటీవీలో స్పష్టంగా కనిపిస్తున్నాడు కదా సార్?" దీనికి: "ఆ దృశ్యం సాక్ష్యంగా వచ్చినప్పుడు దాని గురించి కోర్టులో ప్రశ్నిస్తాం. బయట దాని మీద వ్యాఖ్యానించను."

"ఇలాంటివాడి తరఫున ఎలా వాదిస్తున్నారు?" ఈ ప్రశ్నకు కోపం తెచ్చుకోవద్దు. నేరం మీద సొంత అభిప్రాయం ఏదైనా నిందితుడి తరఫున వాదించడం న్యాయవాది విధి అని బార్ కౌన్సిల్ నియమాలే చెబుతున్నాయి. ఫలానా నిందితుడి తరఫున ఎవరూ హాజరు కాకూడదని బార్ అసోసియేషన్లు చేసే తీర్మానాలు చెల్లవని 2010లో ఎ.ఎస్. మొహమ్మద్ రఫీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. "న్యాయవాది లేకుండా జరిగే విచారణలో పడే శిక్ష పైకోర్టులో నిలబడదు, బాధితులకు న్యాయం ఆలస్యమవుతుంది" అని చెప్పండి. ఇది నిజం, వినేవారికి అర్థమవుతుంది.

"ఆఫ్ ది రికార్డు" అన్నది లేదనుకోండి. మైకు ఆపేశాక టీ కొట్టు దగ్గర అన్నదే మరునాటి వార్త అవుతుంది.

8. స్టూడియో, ఫోను, గ్రూపు

మీరు హాజరవుతున్న కేసు మీద టీవీ డిబేటుకు వెళ్లవద్దు. ఫోను ఇన్ కూడా వద్దు. వేరేవారి కేసు మీద చట్టం వివరించడానికి వెళితే, "ఈ కేసులో వాస్తవాలు నాకు తెలియవు" అన్న మాటతో మొదలుపెట్టి చట్టం దగ్గరే ఆగండి.

వాట్సాప్ గురించి ఒక అనుభవం. ఒక జూనియరు, రిమాండ్ రిపోర్టు మొదటి పేజీని "లీగల్ పాయింట్ కోసం" న్యాయవాదుల గ్రూపులో పెట్టాడు. అందులో మైనర్ బాలిక చదివే బడి పేరు ఉంది. గంటలో అది ఒక యూట్యూబ్ ఛానల్ థంబ్‌నెయిల్ అయింది. ఆ పిల్లను బడి మార్పించారు. కాగితం పంపక తప్పకపోతే గుర్తింపు వివరాలున్న వరుసలను నల్ల సిరాతో కొట్టివేసి, ఆ కాగితాన్ని మళ్లీ జిరాక్స్ తీసి పంపండి. ఫోనులో గీసిన పల్చని నల్ల గీత కింద అక్షరాలు వెలుతురు పెంచితే కనిపిస్తాయి.

9. వార్త తప్పుగా వస్తే

కోపంలో ప్రెస్ మీట్ పెట్టకండి. వరుస ఇది.

మొదట ఆధారం భద్రపరచండి. పత్రిక అయితే ఎడిషన్, పేజీ, తేదీ కనిపించే కాగితమే ఉంచండి. వీడియో అయితే లింకు, సమయం రాసుకుని కాపీ దించుకోండి. కోర్టులో చూపాలంటే సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. రెండో పని, అదే రోజు ఎడిటరుకు రాతపూర్వకంగా సవరణ కోరడం. ఏ వాక్యం తప్పు, రికార్డులో ఏముంది, ఏం ప్రచురించాలి అన్న మూడింటినే రాయండి. బెదిరింపు భాష వద్దు. చాలా తప్పులు ఇక్కడే సరిదిద్దుకుంటాయి, ఎందుకంటే మండలం నుంచి కంట్రిబ్యూటర్ పంపిన వార్తను రాత్రి పదింటికి డెస్కులో శీర్షిక పెట్టినవారు కావాలని తప్పు చేయరు.

సవరణ రాకపోతే పత్రికల మీద ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దినపత్రికలు, వారపత్రికల మీద రెండు నెలల్లోగా, ఇతర పత్రికల మీద నాలుగు నెలల్లోగా చేయాలి. కౌన్సిల్ హెచ్చరించగలదు, మందలించగలదు, అభిశంసించగలదు. జరిమానా వేయలేదు. అదే విషయం కోర్టులో పెండింగులో ఉంటే విచారణ చేపట్టదు. కాబట్టి పరువునష్టం కేసు వేయాలా, కౌన్సిల్‌కు వెళ్లాలా అన్నది ముందే తేల్చుకోండి. టీవీ ఛానళ్లకైతే ముందు ఛానల్‌కే రాసి, అది సభ్యసంస్థ అయితే వార్తా ఛానళ్ల స్వీయ నియంత్రణ సంస్థ ఎన్‌బీడీఎస్‌ఏకు వెళ్లండి.

వార్తల ధాటికి విచారణే దెబ్బతినేలా ఉంటే హైకోర్టును ఆశ్రయించవచ్చు. 2012లో సహారా కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, విచారణ న్యాయబద్ధతకు నిజమైన, గణనీయమైన ముప్పు ఉందని రుజువైనప్పుడు, వేరే మార్గం సరిపోనప్పుడు, ప్రచురణను కొంతకాలం వాయిదా వేయమని ఉన్నత న్యాయస్థానాలు ఆదేశించవచ్చని చెప్పింది. "మీడియా నోరు మూయించండి" అన్న పిటిషన్ నిలబడదు. ఏ వార్త, ఏ సాక్షి మీద, ఎలా ప్రభావం చూపుతుందో చూపించిన పిటిషన్ నిలబడుతుంది.

ధిక్కారం పిటిషన్ చివరి ఆయుధం. ప్రైవేటు వ్యక్తి వేయాలంటే కోర్టు ధిక్కార చట్టం 15వ సెక్షన్ కింద హైకోర్టులో అడ్వకేట్ జనరల్ రాతపూర్వక సమ్మతి కావాలి, ఏడాది గడువు ఉంది. కోర్టులో జరిగినది జరిగినట్టు రాసిన న్యాయమైన, కచ్చితమైన వార్తను అదే చట్టం 4వ సెక్షన్ కాపాడుతుంది. మీకు నచ్చని వార్తంతా ధిక్కారం కాదు.

తప్పుకు మూలం పోలీసుల ప్రెస్ మీటే అయితే అదే విషయాన్ని రిమాండ్ సమయంలోనే మేజిస్ట్రేటు దృష్టికి తెచ్చి, డాకెట్‌లో (ఆ రోజు జరిగినది కోర్టు రాసే రికార్డులో) నమోదు కోరండి. దర్యాప్తు దశలో పోలీసులు మీడియాకు వివరాలు ఎలా ఇవ్వాలో మార్గదర్శకాలు తయారు చేయమని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కేంద్ర హోం శాఖను ఆదేశించిన సంగతి అక్కడ ఉదహరించండి.

10. ఉత్తర్వు వచ్చిన రోజు

బెయిల్ వస్తే "మా క్లయింటు నిర్దోషి అని తేలింది" అనవద్దు. బెయిల్ నిర్దోషిత్వం కాదు, బెయిల్ తిరస్కరణ దోషిత్వమూ కాదు. ఎఫ్‌ఐఆర్ కొట్టివేత, డిశ్చార్జి (అభియోగాలు నమోదు కాకముందే కేసు నుంచి తప్పించడం), నిర్దోషిగా విడుదల అన్నవి మూడు వేర్వేరు ఫలితాలు. "క్లీన్ చిట్" అన్న మాట ఏ చట్టంలోనూ లేదు. వాదనల్లో జడ్జి నోటితో అన్నదాన్ని ఉత్తర్వుగా చెప్పవద్దు. సంతకమైన ఉత్తర్వు చేతికి వచ్చాకే మాట్లాడండి. ఆలస్యమైతే "కాపీ చదివాక చెబుతాను" అనండి. తుది తీర్పు మీద న్యాయమైన విమర్శకు కోర్టు ధిక్కార చట్టం 5వ సెక్షన్ అవకాశం ఇస్తుంది. అది తీర్పు మీద విమర్శ, జడ్జి మీద కాదు.

తరచుగా జరిగే తప్పులు

అవతలి పక్షం న్యాయవాది మాట్లాడారని తాను కూడా మాట్లాడటం మొదటిది. ఆయన మాటల క్లిప్పింగు ఫైలులో పెట్టుకుంటే మీకే ఎక్కువ లాభం. విలేకరిని స్నేహితుడిగా భావించి ఛార్జిషీటు నకలు ఇచ్చేయడం రెండోది. బాధితురాలి ప్రవర్తన గురించి ఒక వ్యాఖ్య విసరడం మూడోది, అన్నిటికంటే నీచమైనదీ ఇదే. దానికి సమర్థన లేదు, క్లయింటు కోరినా చేయవద్దు. అలా కోరే క్లయింటుకు వకాలత్ వదులుకుంటానని చెప్పే హక్కు మీకుంది.

సరిగా జరిగిందో లేదో చూసుకోవడం

సాయంత్రం జూనియరు చేసిన రికార్డింగును, టీవీలో వచ్చిన క్లిప్పును, మీ కాగితాన్ని పక్కపక్కన పెట్టండి. కాగితంలో లేని వాక్యం రికార్డింగులో ఉంటే దాని కింద ఎర్ర గీత గీయండి, అది మీ పొరపాటు. రికార్డింగులో లేనిది క్లిప్పులోనో వార్తలోనో ఉంటే అది వారి పొరపాటు, 9వ మెట్టు మొదలుపెట్టండి. తర్వాత మీరు చెప్పినదంతా అవతలి పక్షం న్యాయవాది రేపు కోర్టులో మీకే చదివి వినిపిస్తున్నట్టు ఊహించుకుని, బయటికి చదవండి. ఎక్కడ గొంతు తడబడిందో ఆ వాక్యాన్ని గుర్తుపెట్టుకుని, వచ్చే వాయిదాకు రాసే కాగితంలో నుంచి తీసేయండి.

కాగితం, రికార్డింగు, అనుమతి పత్రం, క్లిప్పింగులు, నాలుగింటినీ తేదీ వేసి కేసు ఫైలు చివర ఒక కవరులో ఉంచండి. అప్పీలు ముగిసేవరకు ఆ కవరును పారేయవద్దు.